డెబ్భై నాలుగో నంబరు చీటీ

మాచర్ల అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో, ఎనభైల చివర్లో నేను సంతకం పెట్టిన కాగితం ఒకటి ఉండాలి. ఇప్పటికీ ఉందో, చెదలు తినేశాయో తెలియదు. ల్యాబ్‌లో పనిచేసే ఒక ఆపరేటర్ వారం రోజుల్లో పదకొండు సార్లు కంప్యూటర్‌లోంచి ఫైళ్లు తీసెయ్యడానికి ప్రయత్నించాడని అందులో ఉంటుంది. అతను అలా చెయ్యలేదు. ఒక్కసారి కూడా చెయ్యలేదు. ఆ మాట రాయడానికే ఇది మొదలుపెట్టాను.

పొరపాటున రాశానని చెప్పుకుంటే సగమే నిజం. రాసిన రోజు అది పొరపాటు. తొమ్మిదో రోజు నుంచి కాదు.

మాది క్రోసూరు దగ్గర పల్లె. ఇంజనీరింగ్ అయ్యాక హైదరాబాదులో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చదివాను. ఆ ఒక్క అర్హత చూసి ఫ్యాక్టరీ వాళ్లు నన్ను తీసుకున్నారు. అప్పుడే అక్కడికి యూనిక్స్ మీద నడిచే కంప్యూటర్ ఒకటి వచ్చింది. బీరువా అంత యంత్రం, దాన్నుంచి వైర్లు లాగి ల్యాబ్‌లో, గని ఆఫీసులో, స్టోర్సులో, వర్క్‌షాపులో పెట్టిన, తెరా కీబోర్డూ మాత్రమే ఉండే ఎనిమిది టెర్మినళ్లు. యంత్రం ఉన్న గదికి ఏసీ పెట్టారు. మొత్తం ఫ్యాక్టరీలో మేనేజర్ గది కాక చల్లగా ఉండేది అదొక్కటే. అందుకని ఎండాకాలం వచ్చిందంటే నా గది బయట చెప్పుల గుట్ట పడేది. ఏదో ఒక పని పేరు చెప్పి అందరూ లోపలికి వచ్చేవాళ్లు.

అందరికంటే ఎక్కువగా వచ్చేది స్టోర్‌కీపర్. యాభై దాటిన మనిషి, నోరు పెద్దది. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ని.

"ఏందబ్బాయ్, మేము సున్నపు రాయి దుమ్ములో మాడి చస్తా ఉంటే నువ్వు ఇక్కడ ఊటీలో కూర్చున్నావు" అంటూ వచ్చి, తన నీళ్ల సీసా యంత్రం వెనకాల పెట్టబోయేవాడు.

"బాబాయ్, అక్కడ పెట్టబాక. నీళ్లు పడితే మిషన్ పోయిద్ది."

"మిషన్ పోతే ఇంకోటి వచ్చిద్ది. నేను పోతే మీ పిన్ని నిన్ను బతకనిచ్చిద్దా?"

నేను చేసిన తప్పు అర్థం కావాలంటే ఆయన స్టోర్సు కిటికీ గురించి చెప్పాలి. వర్క్‌షాపు వాళ్లు ఎంత పెద్దవాళ్లయినా స్టోర్సు లోపలికి అడుగు పెట్టకూడదు. కావలసిన సామాను నంబరు చీటీ మీద రాసి కిటికీలోంచి ఇవ్వాలి. ఆయన పుస్తకంలో చూసి, ఆ నంబరు సామాను తెచ్చి ఇచ్చేవాడు. పుస్తకంలో లేని నంబరు రాస్తే చీటీని బయటికి విసిరేసి, "ఇది మన కొట్లో సరుకు గాదు, పో" అనేవాడు.

కంప్యూటర్ లోపల జరిగేది కూడా అదే. మనం నడిపే ప్రోగ్రాం ఏదీ డిస్కును నేరుగా ముట్టుకోలేదు. ఫైలు తెరవాలన్నా, రాయాలన్నా, తీసెయ్యాలన్నా లోపల కాపలా ఉండే మూల ప్రోగ్రాంను నంబరు చెప్పి అడగాలి. ఆ కాపలా ప్రోగ్రాంను కెర్నెల్ అంటారు, ఆ అడగడాన్ని సిస్టమ్ కాల్ అంటారు. మా యంత్రం పుస్తకంలో అలాంటి నంబర్లు సున్నా నుంచి అరవై మూడు దాకా ఉండేవి. పదో నంబరంటే ఫైలు తీసెయ్యమని. పుస్తకంలో లేని నంబరుతో ఏ ప్రోగ్రామైనా అడిగితే కెర్నెల్ ఏమీ చెయ్యదు. ఆ ప్రోగ్రాంను అక్కడికక్కడే ఆపేసి, తెర మీద 'బ్యాడ్ సిస్టమ్ కాల్' అని చూపిస్తుంది. చీటీ చెల్లలేదని అర్థం.

నేను చేరిన రెండో ఏడు హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. కంప్యూటర్ మీద ఎవరు ఎప్పుడు ఏం చేస్తున్నారో లెక్క ఉండాలని, ఆడిటర్లు వచ్చి చూస్తారని. మేనేజర్ నన్ను పిలిచి, "ఎవడు ఏం జేశాడో లైను లైనుగా కావాల. నువ్వు చేస్తావా, బయటి నుంచి పిలిపించమంటావా?" అన్నాడు. చేస్తానన్నాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. బయటివాళ్లు అనే మాట వింటేనే రోషం వచ్చేది.

యంత్రం అమ్మిన కంపెనీ ఇంజనీర్ కెర్నెల్‌లో ఆ కిటికీకి సంబంధించిన భాగం వరకు టేపు మీద ఇచ్చి, మార్చి మళ్లీ ఎలా కలపాలో చూపించి వెళ్లాడు. నేను అందులో ఒక ముక్క రాసి పెట్టాను. కిటికీ పక్కన మనిషిని కూర్చోబెట్టి, వచ్చిన ప్రతి చీటీనీ నోట్ చేసుకోమన్నట్టు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరు, ఏం అడిగారు, ఏ ఫైలు, పని అయిందా లేదా. ఒక్కో చీటీకి ఒక్కో లైను.

చెల్లని చీటీ వస్తే ఏం రాయాలన్న ప్రశ్న అక్కడ వచ్చింది. ఏ నంబరంటే ఏ పనో చూసుకునే నా పట్టికలో అరవై నాలుగు గళ్లే ఉన్నాయి. అంతకు మించిన నంబరుతో అందులో వెతికితే యంత్రం మొత్తం పడిపోయే ప్రమాదం ఉంది. కాలేజీలో పాత యూనిక్స్ కోడ్ జిరాక్సు కట్ట ఒకటి చేతులు మారుతూ ఉండేది. అందులో నంబరు పెద్దదైతే అరవై నాలుగు తీసేసి మిగిలినదాన్ని వాడినట్టు చూసిన గుర్తు. పెద్దవాళ్లు రాసింది కదా అని నేనూ అదే చేశాను. పాత కోడ్‌లో పని జరిగేది కూడా ఆ మిగిలిన నంబరు ప్రకారమే, కాబట్టి అక్కడ తేడా రాదు. మా యంత్రంలో కెర్నెల్ అసలు నంబరును చూసి చీటీ తిప్పి పంపేది. నేను కూర్చోబెట్టిన మనిషి మాత్రం అరవై నాలుగు తీసేసి వేరే నంబరు రాసుకునేవాడు.

ఎవరైనా డెబ్భై నాలుగో నంబరు చీటీ ఇస్తే, కెర్నెల్ అలాంటి సరుకు లేదని తిప్పి పంపుతుంది. నా నోట్సులో మాత్రం పది అని పడుతుంది. పది అంటే ఫైలు తీసెయ్యమని.

అలాంటి చీటీ ఒకటి పెట్టి చూడాలని నాకు తోచలేదు. ఉన్న అరవై నాలుగింటినీ ఒక్కొక్కటే పరీక్షించాను. లేని నంబరును ఎవరు అడుగుతారులే అనుకున్నాను.

అడిగినవాడు ల్యాబ్ ఆపరేటర్. మాచర్ల వాడు. ఫ్యాక్టరీ వర్క్‌షాపులో రాయి మోసే డంపర్లు బాగుచేసే హెడ్ మెకానిక్ కొడుకు. తండ్రిని అందరూ మేస్త్రీ అనేవాళ్లు. కొడుకు నరసరావుపేటలో టైపు నేర్చుకుని, రెండేళ్లుగా ల్యాబ్‌లో టెంపరరీగా పనిచేస్తున్నాడు. గనిలో ఎక్కడెక్కడ బొక్కలు వేస్తారో ఆ రాతిపొడి నమూనాలు ల్యాబ్‌కు వస్తాయి. దేంట్లో సున్నం ఎంత ఉందో కంప్యూటర్‌లోకి ఎక్కించడం అతని పని. ఆ నెలలోనే అతన్ని పర్మనెంటు చేస్తారని అందరికీ తెలుసు. వాళ్లింట్లో ఆ కాగితం కోసం చూస్తున్నారు. మేస్త్రీకి ఇంకో అయిదారు నెలల్లో రిటైర్‌మెంటు. కాలనీలో ఇల్లు ఆయన పేరు మీద ఉంది. కొడుకు పర్మనెంటు అయితే ఇల్లు కొడుకు పేరుకు మారుతుంది, లేకపోతే ఖాళీ చెయ్యాలి.

నేను అతన్ని భాయ్ అనేవాణ్ని. వయసులో నాకంటే కొన్ని నెలలు పెద్దవాడైనా నన్ను అన్నా అనేవాడు. ఊళ్లో ఎవరినైనా అలాగే పిలిచేవాడు. నమూనాల అంకెలు టైపు చెయ్యడంతో ఊరుకోక, పెన్సిలుతో గ్రాఫు కాగితం మీద గీసి, గనిలో ఏ మూల సున్నం ఎక్కువో ఏ మూల తక్కువో గీత చూస్తే తెలిసేలా పెట్టేవాడు. ఎవరూ చెయ్యమనలేదు. ఆ గీత కంప్యూటరే గీస్తే బాగుంటుందని అతని కోరిక. హైదరాబాదులో ఉన్న స్నేహితుడు అలాంటి ప్రోగ్రాం ఒకటి ఫ్లాపీలో వేసి పంపాడు. మా యంత్రం అమ్మిన కంపెనీదే కొత్త మోడల్ మీద తయారైనది.

ఒక రోజు నా గదికి వచ్చాడు.

"అన్నా, ఒక మాట. ఆ గ్రాఫు ప్రోగ్రాం ఎక్కిచ్చా. ఏదో బ్యాడ్ సిస్టమ్ కాల్ అంటా ఉంది. ఏంది అది?"

"నీ ప్రోగ్రాం బాగలేదని."

"హైదరాబాద్‌లో బానే ఆడతా ఉందంటన్నా."

"హైదరాబాద్‌లో ఆడిందని మాచర్లలో ఆడాలనేముంది? అదేమన్నా సినిమానా భాయ్?"

నవ్వాడు. "ఒక్కసారి చూడరాదా?"

"ఆడిటర్లు వస్తా ఉన్నారు. వాళ్లు పొయినాక చూద్దాం."

సరేనని వెళ్లాడు. ఇది నేను మరిచిపోయి తర్వాత గుర్తు తెచ్చుకున్న మాట కాదు. విచారణ రోజు కూడా నాకు బాగా గుర్తుంది.

అతను ప్రయత్నం మానలేదు. గనిలో రోజూ మధ్యాహ్నం బ్లాస్టింగ్ ఉండేది. మూడుసార్లు సైరన్ మోగేది, రాయి పేలేది, దుమ్ము అణిగేదాకా అందరూ భోజనాలకు కూర్చునేవాళ్లు. ల్యాబ్ ఖాళీగా ఉండేది. అప్పుడు అతను ఆ గ్రాఫు ప్రోగ్రాం తెరిచి, ఏదో ఒకటి మార్చి మళ్లీ నడిపి చూసేవాడు. ప్రతిసారీ అదే మాట వచ్చి ఆగిపోయేది.

ఆ తర్వాతి సోమవారం పొద్దున ల్యాబ్‌లో ఆ నెల నమూనాల ఫైలు తెరిస్తే ఖాళీగా ఉంది. పేరు ఉంది, లోపల ఏమీ లేదు. ఏ రోజు గనిలో ఏ మూల తవ్వి ఏ రాయిని ఏ రాయితో కలపాలో ఆ ఫైలు చూసే చెప్పాలి. నమూనాలన్నీ మళ్లీ చెయ్యాల్సి వచ్చింది. రెండు రోజులు తవ్వకం ఆగిపోయింది.

మేనేజర్ నన్ను పిలిచాడు. "నీ లెక్క ఉంది గదా. ఎవడు తీశాడో తియ్యి."

నాకు భయం వెయ్యలేదు. నిజానికి సంతోషం వేసింది. నేను చేసినదానికి మొదటిసారి పని పడింది. ల్యాబ్ టెర్మినల్ నుంచి ఫైళ్లు తీసెయ్యమని అడిగినవన్నీ ప్రింటు తీశాను. మామూలువి చాలా ఉన్నాయి, ప్రోగ్రాములు తమ చిత్తు ఫైళ్లను తామే తీసేసుకుంటాయి కాబట్టి. వాటిని పక్కన పెడితే పదకొండు మిగిలాయి. పదకొండూ భాయ్ లాగిన్ మీద ఉన్నాయి. పదకొండూ మధ్యాహ్నం, సైరన్ తర్వాత. 'ఫైలు తీసివేత' అని ఉంది. 'కుదరలేదు' అని ఉంది. ఫైలు పేరు గడి పదకొండు చోట్లా ఖాళీ.

మేనేజర్ ఆ గడి మీద వేలు పెట్టాడు. "ఇదేంది, ఖాళీ?"

"పేరు కనపడకుండా చేసుంటాడు సార్."

అలా చెయ్యడం కుదురుతుందో లేదో నాకు తెలియదు. పేరు చెప్పకుండా దేన్ని తీసెయ్యమని అడుగుతారు? స్టోర్సు కిటికీ దగ్గర ఎవరైనా ఆ మాట అంటే బాబాయ్ నవ్వి పంపించేవాడు. నాకు మాత్రం ఆ ఖాళీ గడి నేరం ఇంకా పెద్దదన్నట్టు కనిపించింది.

"కుదరలేదని ఉంది, మరి ఫైలు ఎట్లా పోయింది?"

"పదకొండు సార్లు కుదరలేదు సార్. ఆ తర్వాత ఇంకో దారి దొరికుంటది."

ఆ మాటలన్నీ రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.

మర్నాడు మేనేజర్ గదిలో విచారణ జరిగింది. భాయ్ నిలబడి ఉన్నాడు. మేస్త్రీ కబురు పెట్టకుండానే వర్క్‌షాపు నుంచి వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. చేతులకు గ్రీజు ఉంది. దేన్నీ ముట్టుకోకుండా చేతులు కొంచెం ముందుకు పట్టుకున్నాడు.

"ఎందుకు తీశావు?" అన్నాడు మేనేజర్.

"నేను తియ్యలా సార్. నా పని నేనెందుకు తీసుకుంటా? ఆ అంకెలన్నీ నేను కొట్టినయ్యే."

"అందరూ అన్నం తినేటప్పుడు టెర్మినల్ కాడ నీకేం పని?"

"గ్రాఫు ప్రోగ్రాం సార్. ఖాళీ దొరికేది అప్పుడే." నా వైపు తిరిగాడు. "అన్నకు తెలుసు. అన్నా, నీకు జెప్పా గదా, బ్యాడ్ సిస్టమ్ కాల్ అంటా ఉందని. చెప్పన్నా."

అందరూ నన్ను చూశారు.

"చెప్పాడు సార్. అది వేరే, ఇది వేరే."

రెండూ ఒకటే. అప్పటికి నాకు తెలియదు, కానీ వేరే అని కూడా తెలియదు. తెలియదు అని అనొచ్చు. ఆ మాట నోటికి రాలేదు.

అప్పుడు మేస్త్రీ మాట్లాడాడు. మేనేజర్‌తో మాట్లాడుతూ నన్ను చూశాడు.

"సార్, నాకు ఈ మిషన్ సంగతి తెల్వదు. మా డంపర్లో ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోయిందనుకోండి. మేం ముందు ఇంజిన్ ఇప్పం. ఇంకో మీటర్ తెచ్చి బిగిచ్చి చూస్తాం. రెండు మీటర్లూ ఒకటే మాట చెప్తే అప్పుడు ఇప్పుతాం. ముల్లు చెడిపోయి ఉత్తపుణ్యానికి ఇంజిన్ ఇప్పిన రోజులు నేను చూశా. ఈ బాబు మీటర్ సరిగ్గా ఉందో లేదో ఎవురన్నా చూశారా?"

మేనేజర్ నా వైపు తిరిగాడు. "చెక్ చేశావా?"

"చేశాను సార్."

ఆ రెండు మాటలు అబద్ధం. ఈ మొత్తంలో నేను తెలిసి ఆడిన మొదటి అబద్ధం అదే. చెక్ చెయ్యడానికి ఒక పూట చాలేది. భాయ్‌ను టెర్మినల్ ముందు కూర్చోబెట్టి, ఆ ప్రోగ్రాం నడపమని, పక్కన నా నోట్సు తెరిచి చూస్తే సరిపోయేది. మేస్త్రీ అడిగింది అంతే. ఆయన కొడుకు భుజం మీద చెయ్యి వెయ్యబోయి, గ్రీజు ఉందని ఆగి, ముందు నడిచాడు.

భాయ్‌కు పర్మనెంటు కాగితం రాలేదు. నెలాఖరు నుంచి రానక్కర్లేదని ఇంకో కాగితం వచ్చింది.

అతని సొరుగులో దొరికినవన్నీ అట్టపెట్టెలో వేసి నా గదికి పంపారు. గ్రాఫు కాగితాలు, పెన్సిళ్లు, ఒక దువ్వెన, ఆ ఫ్లాపీ. విచారణ అయిన తొమ్మిదో రోజు, ఆడిటర్లకు చూపించడానికి సాక్ష్యంగా పనికొస్తుందేమోనని నేను ఫ్లాపీ పెట్టి నా మామూలు లాగిన్ మీద నడిపాను. బ్యాడ్ సిస్టమ్ కాల్ అని వచ్చి ఆగిపోయింది. నోట్సు తెరిచాను. చివరి లైనులో నా లాగిన్ ఉంది. ఫైలు తీసివేత. పేరు గడి ఖాళీ. కుదరలేదు.

ఇంకోసారి నడిపాను. ఇంకో లైను పడింది.

ఆ ప్రోగ్రాం ఏ నంబరు అడుగుతోందో వెతికితే డెబ్భై నాలుగు అని తేలింది. కొత్త మోడల్ పుస్తకంలో ఆ నంబరు ఉంటుంది, మా దాంట్లో లేదు. డెబ్భై నాలుగులోంచి అరవై నాలుగు తీసేస్తే పది. ఆ లెక్క వెయ్యడానికి కాగితం కూడా అక్కర్లేదు. అయినా ఒక స్టోర్సు చీటీ వెనకాల వేసి చూసుకున్నాను.

మరి ఫైలు ఎందుకు ఖాళీ అయింది? యంత్రం పక్కన ప్రింటర్ ఒకటి ఎప్పుడూ చిన్న చిన్న సందేశాలు కొడుతూ ఉండేది. ఆ కాగితపు చుట్టను ఎవరూ చదివేవాళ్లు కాదు, నాతో సహా. విప్పి చూస్తే శనివారం మధ్యాహ్నం డిస్కులో చోటు లేదని వరసగా కొట్టి ఉంది. చోటు తినేసింది నా నోట్సే. ప్రతి చీటీకీ ఒక లైను చొప్పున పెరిగిపోయి డిస్కు నింపేసింది. ల్యాబ్ ప్రోగ్రాం ఫైలును దాచేటప్పుడు ముందు పాతదాన్ని ఖాళీ చేసి ఆ తర్వాత కొత్తది రాస్తుంది. ఖాళీ చేసింది, రాయడానికి చోటు దొరకలేదు. ఆదివారం రాత్రి చిత్తు ఫైళ్లను ఊడ్చే ప్రోగ్రాం నడిచి కొంత చోటు చేసింది, అందుకే సోమవారం ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. ఫైలును ఎవరూ తియ్యలేదు.

బయట సైరన్ మోగింది, రాయి పేలింది. స్టోర్‌కీపర్ సీసా తీసుకోవడానికి వచ్చాడు.

"ఏందబ్బాయ్, మొహం అట్టా ఉంది? ఏసీ ఎక్కువైందా?"

"ఏం లేదు బాబాయ్."

మేనేజర్ గది అక్కడికి యాభై అడుగులు ఉంటుంది. వెళ్లలేదు. ఆ రోజు ఏం చేశానో వరసగా రాస్తాను. నా కోడ్‌లో మూడు లైన్లు మార్చాను. నంబరు పుస్తకంలో లేకపోతే అందులోంచి అరవై నాలుగు తీసెయ్యకుండా, ఉన్నది ఉన్నట్టు రాసి, పక్కన 'చెల్లని కాల్, తిరస్కరించబడింది' అని పెట్టేలా చేశాను. కెర్నెల్ మళ్లీ కలిపాను. ఫ్లాపీతో పరీక్షించాను. సరిగ్గా వచ్చింది. తర్వాత, చోటు లేదన్న సాకుతో పాత నోట్సు ఫైళ్లన్నీ తీసేశాను. ప్రింటర్ కాగితం చుట్ట చింపి బాయిలర్ వైపు పోయే చెత్తలో వేశాను. ఫ్యాక్టరీలో ఆ నెల నిజంగా ఫైళ్లు తీసేసినవాణ్ని నేనొక్కణ్నే. అది ఎక్కడా నమోదు కాలేదు. యంత్రాన్ని నడపడానికి నాకు విడిగా ఉన్న ఇంకో లాగిన్ చేసేవేవీ రాయొద్దని మొదట్లోనే పెట్టుకున్నాను.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలా సార్లు అడిగాను. మొదటి రోజు భయం. చెక్ చేశానని అందరి ముందూ అన్నాను కదా. తర్వాతి వారం ఆడిటర్లు వచ్చారు. పుస్తకంలో లేని నంబర్లను కూడా విడిగా పట్టుకుంటోందని, ఇలాంటిది పెద్ద చోట్ల కూడా చూడలేదని ఒకాయన మేనేజర్ ముందే మెచ్చుకున్నాడు. ఆయన వేలు పెట్టి చూపించింది డెబ్భై నాలుగో నంబరు లైను మీదే. నేను పరీక్షించినప్పుడు పడినది. ఆ తర్వాత ఇక చెప్పడానికి సందు ఉన్నట్టు అనిపించలేదు. నిజానికి రోజూ ఉంది. మేస్త్రీ రిటైర్ అయ్యేదాకా రోజూ నా కిటికీ ముందు నుంచే వర్క్‌షాపుకు పోయేవాడు.

ఆయన కుటుంబం కాలనీ ఇల్లు ఖాళీ చేసిన రోజు నేను గేటు దగ్గర ఉన్నాను. సామాను ట్రాక్టర్ మీద వేశారు. మేస్త్రీ ముందు కూర్చున్నాడు. మీటర్లు పెట్టుకునే రేకు పెట్టె, తన సొంతది, ఒళ్లో పెట్టుకున్నాడు. నన్ను చూసి తల ఊపాడు. నేనూ ఊపాను.

కొన్ని నెలలకు మాచర్ల స్టేషన్ దగ్గర, ఒక మోటార్ వైండింగ్ షాపులో భాయ్ కనిపించాడు. చెప్పేద్దామనే వెళ్లాను. సంచిలో ఫ్లాపీ కూడా ఉంది. అతను కాయిల్ చుడుతూ తల ఎత్తాడు.

"రా అన్నా. టీ తాగుతావా?"

"వద్దులే భాయ్. ఎట్లా ఉన్నావు?"

"ఉన్నా. మా మామ షాపు ఇది. నేర్చుకుంటా ఉన్నా." కాయిల్ పక్కన పెట్టి, "అన్నా, నా ఫ్లాపీ నీ కాడే ఉందా? అది మా దోస్తుది. తిరిగి ఇయ్యాల" అన్నాడు.

"చూడాలి భాయ్. ఎక్కడ పెట్టారో."

"దొరికితే ఇయ్యి."

సరేనన్నాను. టీ వచ్చింది, తాగాను. రైలు వేళయిందని చెప్పి లేచాను. ఫ్లాపీ సంచిలోనే ఉంది. ఇచ్చి ఉంటే, అదేంటో ఎలా దొరికిందో చెప్పాల్సి వచ్చేది.

ఇంకో ఏడాదికి నేను ఆ ఫ్యాక్టరీ వదిలేశాను. ఆ పనితనమే చూపించి హైదరాబాదులో మంచి ఉద్యోగం తెచ్చుకున్నాను. ఎవరు ఏం చేశారో రాసి పెట్టే ప్రోగ్రాములే నా వృత్తి అయింది. కింద పనిచేసేవాళ్లకు మొదటి రోజే చెప్పేవాణ్ని, చెల్లని చీటీని ముందు పరీక్షించండి, దాన్ని వచ్చింది వచ్చినట్టే రాయండి అని. ఎక్కడ నేర్చుకున్నారు సార్ అని ఎవరైనా అడిగితే అనుభవం అనేవాణ్ని.

పాతికేళ్ల తర్వాత, పోయిన వేసవిలో, ఒక పెళ్లికి గురజాల వెళ్లి, అక్కడి నుంచి బస్సెక్కి మాచర్ల వెళ్లాను. షాపు అదే సందులో ఉంది, ఇప్పుడు అతనిదే. గడ్డం నెరిసింది. బోరు మోటార్లు నాలుగు విప్పి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

ఈసారి టీ రాకముందే చెప్పాను. డెబ్భై నాలుగు, అరవై నాలుగు, పది, డిస్కు నిండడం, ప్రింటర్ చుట్ట, తొమ్మిదో రోజు, అన్నీ. ఫ్లాపీ బల్ల మీద పెట్టాను. అతను పని ఆపి విన్నాడు. ఫ్లాపీని తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇప్పుడు ఇది పెట్టటానికి మిషన్ ఏడుందిలే" అన్నాడు. తర్వాత అడిగాడు. "ఆ రోజు మీటర్ చూశానని చెప్పావు గదా."

"చెప్పాను."

"చూశావా?"

"లేదు."

"అదే. మా అబ్బ అదే అనేవాడు. ఇంట్లో ఎప్పుడు ఆ మాట వచ్చినా, ఆ బాబు మీటర్ చూడలేదురా, సార్ అడిగితే కిందికి జూసి చెప్పాడు అనేవాడు. పోయే ముందు గూడా అన్నాడు."

మేస్త్రీ పోయి ఎనిమిదేళ్లయిందని అప్పుడే తెలిసింది. ఆయన ఉండగా వచ్చి ఉంటే అని ఏదో అనబోయాను.

"ఊరుకో" అన్నాడు. కోపంగా అనలేదు. "నాకు నోటితో జెప్తే ఏమొచ్చిద్ది? అప్పుడు కాగితం మీద పెట్టావు. ఇప్పుడూ కాగితం మీదే పెట్టు. పదకొండు లైన్లన్నావు గదా, పదకొండూ సరి జెయ్యి."

"రాస్తాను. నీ పేరుతో రాస్తాను, అందరికీ తెలిసేలా."

"నా పేరు వద్దు" అన్నాడు. "ఒకసారి రాశావు, చాలు."

తర్వాత బోరు మోటార్ దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఎవరిదో రైతుది, సాయంత్రానికి ఇవ్వాలట. నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు. టీ గ్లాసు ఖాళీ చేసి, బల్ల మీద పెట్టి వచ్చేశాను.

అందుకని ఇందులో ఎవరి పేరూ రాయలేదు. పదకొండు లైన్లూ ఒకేలా ఉన్నాయి కాబట్టి ఒకసారి రాస్తే పదకొండుకూ చాలుతుంది. మధ్యాహ్నం, సైరన్ తర్వాత. ల్యాబ్ టెర్మినల్. అడిగిన నంబరు పది కాదు, డెబ్భై నాలుగు. అది మా యంత్రం పుస్తకంలో లేదు, తిరిగి వెళ్లింది. ఫైలు పేరు గడి ఖాళీగా ఉండటానికి కారణం అతను ఏ ఫైలునూ అడగకపోవడం. అడిగింది ఒక గీత గియ్యమని. లెక్క రాసినవాడు మీటర్ చూడలేదు.